ఛాతీలో చేరిన నీరు: కాలేయ రోగిని కాపాడుకొను మార్గము

వ్యవసాయము చేయువానికి నీటి స్వభావమును క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. దిగువను అడ్డుపడినచో ఎగువను పొంగుననియు, గట్టులో పీత బొరియ యొక్కటి యున్నను తెల్లవారులోపల మడిలోని నీరు ప్రక్కమడికి దిగిపోవుననియు, ఆ బొరియను విడిచి క్రిందిమడిలోని నీటిని ఎంత తోడినను ప్రయోజనము లేదనియు మన రైతుల యిండ్లలో పసివారును ఎరుగుదురు. మనుష్యదేహములో కూడ ఇట్టి సంగతియే యొకటి జరుగుచుండును. కాలేయము చెడినవారిలో కొందరికి ఊపిరితిత్తుల చుట్టును నీరు చేరును. రోగి వెల్లకిల పడుకొనలేడు. నాలుగడుగులు వేసిన ఆయాసము. ఒక మాట పూర్తిగా పలుకుటకు ఊపిరి చాలదు. ఇంటివారు నెమ్ము చేరినదని తలచి పట్టణమునకు తీసికొనిపోయి నీరు తీయింతురు. తీయించినంతనే రోగికి ప్రాణము లేచివచ్చినట్లుండును. పది పదునైదు దినములు గడువకముందే మరల అదే ఆయాసము, మరల ప్రయాణము, మరల అప్పు.

ఈ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది, దానిని ఎవరిచేత ఎట్లు తీయింపవలెను, ఎంతవరకు తీయింపవలెను, తీయించిన పిమ్మట ఇంటివద్ద చేయవలసిన దేమి అను విషయములను శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల రైతు సోదరులకు తెలియజేయుటయే మా యుద్దేశము. ముఖ్యమైన మాట నొకదానిని ముందుగనే చెప్పుచున్నాము. నీరు తీయుట ఊపిరినిచ్చును గాని రోగమును కుదుర్చదు. ఈ భేదమును గ్రహించిన కుటుంబము రోగి ఆయుస్సును, ఇంటి ఆస్తిని గూడ కొంతవరకు నిలుపుకొనగలదు.

కాలేయమను ఆనకట్ట

కడుపులో కుడివైపున, డొక్క యెముకల చాటున కాలేయ మున్నది. మనము తిన్న యాహారములోని సారమును ప్రేగులనుండి ఒక పెద్ద సిర ఈ కాలేయమునకు తెచ్చును. కాలేయమునకు వచ్చు రక్తములో ఇంచుమించు మూడువంతులు ఈ సిర ద్వారానే వచ్చును. ఆరోగ్యవంతుని కాలేయము మెత్తగా నుండి, ఇసుక నేల నీటిని దింపుకొన్నట్లు ఈ రక్తమును సులభముగా తనగుండా పోనిచ్చును. ఏండ్ల తరబడి మద్యము త్రాగుటవలనగాని, హెపటైటిస్ బి, సి అను కామెర్ల క్రిములవలనగాని, చక్కెరవ్యాధి, స్థూలకాయములతో కూడ కాలేయములో క్రొవ్వు పేరుకొనుటవలనగాని ఆ మెత్తని కండ మచ్చలు కట్టి గట్టిపడును. దీనినే వైద్యులు సిర్రోసిస్ అందురు. ఈ పేరు పెట్టినవాడు లెనెక్ అను ఫ్రెంచి వైద్యుడు. 1819వ సంవత్సరమున ఆయన గ్రంథమునం దిది వ్యవహరింపబడినది. ఇట్టి కాలేయము పసుపుపచ్చగా కనబడుటచే ఆ వర్ణమును దెలుపు గ్రీకు మాటనుండి ఈ పేరు గైకొనెను.

కాలేయము గట్టిపడినప్పుడు వచ్చుచున్న రక్తమునకు దారి చాలదు. పూడిక పడిన తూమునకు ఎగువను చెరువు నిండినట్లు, వెనుకనున్న సిరలన్నియు ఉబ్బి ఒత్తిడి హెచ్చును. అదిగాక, నీటిని రక్తనాళములలోనే నిలిపియుంచు ఆల్బుమిన్ అను మాంసకృత్తును తయారుచేయునది కాలేయమే గనుక అదియు తగ్గిపోవును. ఇంకొక చిత్రమేమనగా, దేహములో నీరు పొంగుచున్నను మూత్రపిండములు మాత్రము కరవు వచ్చినదని భ్రమపడి ఉప్పును బయటకు పోనీయక నిలువచేయును. ఉప్పు నిలిచినచోట నీరు నిలుచును. ఇట్లు సిరలనుండి ఊరిన నీరు పొట్టలో చేరిన దానిని మనవారు జలోదరమందురు.

గట్టులోని బొరియ

పొట్టకును ఛాతీకిని నడుమ ఉదరవితానమను కండర తెర యొకటి గట్టువలె నున్నది. కొందరికి ఈ తెరలో కంటికి కనబడనంత సన్నని రంధ్రములుండును. ఆరోగ్యముగా నున్నంతకాలము వానివలన బాధ లేదు. పొట్టలో నీరు నిండి ఒత్తిడి కలిగినప్పుడు ఆ రంధ్రములు తెరచుకొనును. మనము ఊపిరి పీల్చినపుడెల్ల ఛాతీ లోపల పీల్పు పుట్టును గనుక, పొట్టలోని నీటిని ఛాతీయే పైకి లాగుకొనును. ఆ నీరు ఊపిరితిత్తి చుట్టును చేరి దానిని నొక్కివేయును. సిర్రోసిస్ గల రోగులలో నూటికి ఐదు మొదలు పదిమందికి ఇట్లు జరుగునని అంచనా. వీరిలో సుమారు నలుగురిలో ముగ్గురికి కుడివైపుననే నీరు చేరును. కొందరికి పొట్టలో నీరు పైకి కనబడకయే ఛాతీలో మాత్రము చేరుట గూడ కలదు. ఊరిన నీటి నంతయు ఛాతీయే లాగుకొనుట అందులకు కారణము.

ఈ వ్యాధికి ప్రత్యేకమైన పేరుపెట్టి అమెరికా వైద్యులు 1958లో వర్ణించిరి. 1966లో మరికొందరు పరిశోధకులు రోగుల పొట్టలోనికి కొంచెము గాలి నెక్కించి, ఆ గాలి ఛాతీలోనికి చేరుటను ఎక్సురే పటములలో కనుగొని, బొరియ యున్న మాట నిజమేనని స్థాపించిరి.

పొట్టలో ఐదారు లీటర్ల నీరున్నను కొందరు తిరుగుచుందురు. ఛాతీలో లీటరు రెండు లీటర్లు చేరినంతనే ఊపిరాడదు. ఆరోగ్యవంతుని ఛాతీలో రెండు ఊపిరితిత్తుల చుట్టును కలిపి కొద్ది చెంచాల నీరు మాత్రమే యుండునని తెలిసినచో ఈ భేదము బోధపడును.

ప్రతి నీరును కాలేయపు నీరు కాదు

ఇచ్చట మిక్కిలి జాగ్రత్త అవసరము. ఛాతీలో నీరు చేరుటకు కారణము లనేకము. మన దేశములో క్షయవ్యాధి వీనిలో ముఖ్యమైనది. గుండె బలహీనత, నిమ్మోనియా, పుట్టకురుపు, మూత్రపిండముల చెడుదల గూడ కారణములగును. ముఖ్యముగా శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము సంగతి మన కందరకు తెలిసినదే. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఏండ్ల తరబడి కుటుంబములను పీడించుచున్నది. అచ్చట కాళ్ళు పొంగి ఆయాసము వచ్చినవానిని చూచి ఇది కిడ్నీ జబ్బే యని ఇంటివారు నిశ్చయింతురు. ఇతర ప్రాంతములలో క్షయ యని నిశ్చయింతురు. రెండును ఊహలే.

ఊహతో మందు మ్రింగించుట ప్రమాదకరము. క్షయకు వాడు మందులలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ అనునవి కాలేయమునకు హాని చేయగలవు. క్షయ యున్నవారికి అవి ప్రాణదాతలే. కాని క్షయ లేని కాలేయ రోగికి పరీక్ష చేయకయే వానిని ఇచ్చినచో, మిగిలియున్న కొద్దిపాటి కాలేయము గూడ చెడవచ్చును. ఈ ప్రమాదమునకు భయపడి నిజముగా క్షయ యున్నవారు మందు మానరాదు. కావలసినది పరీక్ష.

ఆ పరీక్షకు నీటినే కొంచెము తీసి చూడవలెను. కాలేయపు నీరు సాధారణముగా పలుచగా, లేత పసుపురంగుగా నుండును. అందులో మాంసకృత్తులు తక్కువ. క్షయ నీటిలో మాంసకృత్తులు ఎక్కువ. ఒక జాతి తెల్లకణములు హెచ్చుగా నుండును. ఆ నీటిలో సూక్ష్మక్రిములు పుట్టి చీము కణములు పెరిగినచో వెంటనే సూదిమందులు అవసరమగును. కావున మొదటిసారి నీరు తీయించునప్పుడును, జ్వరముగాని, నొప్పిగాని, తెలివి తప్పుటగాని కలిగినప్పుడును నీటిని పారబోయక పరీక్షకు పంపుచున్నారా యని వినయముగా అడుగుట ఇంటివారి హక్కు. ఆ పరీక్ష కాగితమును భద్రపరచుట వారి బాధ్యత.

ఛాతీలో నీరున్న సంగతి చేతి వ్రేళ్ళతోనే కనిపెట్టు విద్య పూర్వము కలదు. ఆస్ట్రియా దేశమున పూటకూళ్ళవాని కుమారుడైన ఔయెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు, రోగి ఛాతీని వ్రేళ్ళతో తట్టి ఆ ధ్వనినిబట్టి లోని నీటిని గుర్తింపవచ్చునని 1761లో ప్రకటించెను. నిండు కుండను, వట్టి కుండను తట్టి చూచు మన గృహిణులకు ఇది వింత కాదు. సిర్రోసిస్ పేరు తెచ్చిన లెనెక్కే 1816లో రొమ్మునకు ఆనించి వినెడి గొట్టమును కల్పించెను. నేటి వైద్యులు తట్టి, విని, ఎక్సురేతోను, అల్ట్రాసౌండు యంత్రముతోను నీటి చోటును, లోతును స్పష్టముగా చూడగలుగుచున్నారు.

నీరు తీయు విధానము

ఈ పని పేరు వినగనే మనవారికి భయము. ఛాతీలో సూది గ్రుచ్చిన రోగి బ్రతుకడని కొందరు చెప్పుకొందురు. అట్టి భయమునకు కారణము లేదు. అనుభవము గల వైద్యుడు, తగిన ఆసుపత్రిలో చేయునప్పుడు ఇది సాధారణమైన చికిత్సయే.

రోగిని మంచము అంచున కూర్చుండబెట్టి, ముందు బల్లమీదికి చేతులు చాచి వ్రాలునట్లు చేయుదురు. వీపుమీద అల్ట్రాసౌండు పెట్టి నీరున్న చోటును గుర్తింతురు. ఇట్లు చూచి చేయుటవలన ఊపిరితిత్తికి సూది తగులు ప్రమాదము చాల తగ్గును. అచ్చట చర్మమును శుభ్రపరచి మత్తుమందు నెక్కింతురు. సూదిని ప్రక్కటెముకకు పైయంచుననే దింపుదురు. ఏలయనగా ప్రతి యెముక క్రిందియంచున రక్తనాళములు, నరము పోవుచుండును. పిమ్మట సన్నని గొట్టము ద్వారా నీటిని సంచిలోనికి మెల్లగా దింపుదురు. ఈ సమయమున రోగి కదలరాదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చినను, రొమ్ము బిగిసినట్లున్నను, కండ్లు తిరిగినను వెంటనే చెప్పవలెను. ఓర్చుకొనుట ఇచ్చట ధైర్యము కాదు.

కాలేయ రోగుల రక్తము గడ్డకట్టు పరీక్షలు సరిగా లేనట్లు కనబడుట సామాన్యము. అంతమాత్రమున ప్రతివారికిని ముందుగా రక్తపు పదార్థముల నెక్కింపవలసిన పని లేదని నేటి వైద్యుల అభిప్రాయము. దానిని వైద్యుడు రోగినిబట్టి నిశ్చయించును. రోగి రక్తము పలుచబడు మాత్రలు వాడుచున్నచో ఆ సంగతిని మాత్రము ముందుగనే తెలుపవలెను.

అంతయు ఒకేసారి తీయుమని కోరరాదు

దూరమునుండి వచ్చితిమి, ఖర్చు పెట్టితిమి, ఉన్న నీరంతయు ఒకేసారి లాగివేయుడని వైద్యుని బలవంతపెట్టువారు కలరు. ఇది తగదు. చాలకాలము అణగియున్న ఊపిరితిత్తి తటాలున విచ్చుకొనినచో దానిలోనికే నీరూరి, ముందున్నదానికంటె హెచ్చు ఆయాసము కలుగవచ్చును. అందుచేత సాధారణముగా ఒకసారి లీటరున్నర మొదలు రెండు లీటర్లకు మించి తీయరు. పొట్టనుండి నీరు తీయునప్పుడు లెక్క వేరు. అచ్చట ఐదు లీటర్లకు మించి తీసినచో రక్తపుపోటు పడిపోకుండ, తీసిన ప్రతి లీటరుకును ఆరు మొదలు ఎనిమిది గ్రాముల చొప్పున ఆల్బుమిన్‌ను సిరలోనికెక్కింతురు. పొట్టలోను ఛాతీలోను నీరున్నవారికి ముందు పొట్ట నీటిని తగ్గించుట వైద్యులలో పరిపాటి. ఎగువమడిని ఖాళీ చేయక దిగువమడిని తోడుట వ్యర్థమను న్యాయమే ఇది.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. మాటిమాటికి సూది యెందుకు, గొట్టము నొకదానిని ఛాతీలో ఉంచివేసిన నీరు దానంతట అదే పోవును గదా యని కొందరికి తోచును. చీము పట్టినవారికిని, ఊపిరితిత్తి చుట్టు గాలి చేరినవారికిని అట్టి గొట్టము అవసరమే. కాని కాలేయపు నీటికి అట్లు గొట్టము వేసి వదలుట ప్రమాదకరమని వైద్యశాస్త్రము అనుభవముమీద తెలిసికొన్నది. తూమును తెరచి మరచినచో చెరువంతయు పోయినట్లు, ఆ గొట్టము ద్వారా దినదినమును లీటర్ల కొలది నీరు, దానితోకూడ మాంసకృత్తులు, లవణములు, రోగనిరోధక పదార్థములు పోవును. దేహము శుష్కించును, మూత్రపిండములు చెడును, క్రిములు ప్రవేశించును. ఇతర చికిత్సలకు వీలులేని కొందరికి, బాధ తగ్గించుటకై, ఇంటివద్దనే నీరు తీసికొనదగిన ప్రత్యేకమైన మెత్తని గొట్టమును నిపుణులు ఆలోచించి అమర్చుట కలదు. అది వేరు సంగతి.

ఇంటికి వచ్చిన పిమ్మట

నీరు తీయించిన దినముననే అసలు చికిత్స మొదలగుచున్నదని భావింపవలెను. అందులో మొదటిది ఉప్పు. నౌపడ కొటార్ల ఉప్పు మన ప్రాంతమున పేరుబడ్డ సరకు. మన కూరలకు, ఊరగాయలకు, సముద్రతీరపు ఎండుచేపలకు ప్రాణము ఉప్పే. అయినను ఈ రోగికి దినమునకు అన్ని పదార్థములలోను కలిపి సుమారు ఐదు గ్రాములు, అనగా చిన్న చెంచాడు ఉప్పు మాత్రమే ఉండవలెను. ఆవకాయ, ఉప్పుచేప, ఎండురొయ్యలు, అప్పడములు, చల్లమిరపకాయలు, అంగడిలో అమ్ము కారపు తినుబండములు మానవలెను. అన్నమును ఉప్పు వేయక వండి, నిమ్మరసము, అల్లము, కొత్తిమీర, మిరియములతో రుచి కల్పింపవచ్చును. ఉప్పునకు బదులని అమ్ము పొటాషియం ఉప్పును వైద్యుని అడుగక వాడరాదు. నీరు పోవుటకిచ్చు కొన్ని మాత్రలతో కలిసి అది గుండెకు హాని చేయును. నీరు త్రాగుట తగ్గింపవలెనా యను ప్రశ్నకు రక్తపరీక్ష చూచి వైద్యుడు జవాబు చెప్పవలెను. అందరకును అది అవసరము కాదు.

రెండవది మూత్రము వెడలించు మాత్రలు. సామాన్యముగా స్పైరనోలాక్టోన్, ఫ్యూరోసిమైడ్ అను రెంటిని కలిపి యిత్తురు. ఆయాసము తగ్గినదని మానుటయు, నీరు త్వరగా పోవునని హెచ్చించుటయు రెండును తప్పే. రక్తములోని లవణములను, మూత్రపిండముల స్థితిని మధ్యమధ్య పరీక్షించుచు మోతాదును మార్చవలెను. మొదటి మాత్రవలన కొందరు మగవారికి రొమ్ములు పొంగి నొప్పి పుట్టును. సిగ్గుపడి మాత్ర మానివేయుదురు. వైద్యునితో చెప్పినచో వేరొక మాత్ర నిచ్చును.

దినమును ఉదయము మూత్రవిసర్జన చేసిన పిమ్మట, ఏమియు తినకముందు రోగి బరువును తూచి ఒక పుస్తకమున వ్రాయవలెను. కాళ్ళ వాపు లేనివారికి దినమునకు అర కిలో మించి బరువు తగ్గరాదు. వాపు ఉన్నవారికి ఒక కిలో వరకు తగ్గవచ్చును. వరుసగా రెండు మూడు దినములు బరువు పెరుగుచున్నచో నీరు మరల చేరుచున్నదని అర్థము. ఆయాసము వచ్చువరకు ఆగక ఆ దినముననే వైద్యుని చూడవచ్చును.

మూడవది ఆహారము. కాలేయ రోగికి పథ్యమని గంజినీళ్ళు మాత్రము పోసి, పప్పు, గ్రుడ్డు మానిపించుట మన పల్లెలలో పాత అలవాటు. ఇది రోగిని నీరసింపజేయుటయే. కాలేయము చెడినవానికి మాంసకృత్తులు తక్కువ గాదు, ఎక్కువ కావలెను. బరువులో ఒక్కొక్క కిలోకు దినమునకు 1.2 మొదలు 1.5 గ్రాముల చొప్పున ఉండవలెనని నిపుణుల సలహా. అనగా యాబది కిలోల మనిషికి 60 మొదలు 75 గ్రాములు. ఒక కోడిగ్రుడ్డులో ఆరు గ్రాములుండును. పెసలు, కంది, ఉలవలు, పాలు, పెరుగు, ఉప్పు పట్టని తాజా చేపలు మన యింట దొరకునవే. రాత్రి పరగడుపున ఎక్కువసేపు ఉండరాదు. పడుకొనుటకు ముందు పాలు కలిపిన చోడి అంబలి యొక గ్లాసెడు త్రాగుట కండ కరగకుండ కాపాడును.

ఊడ్పులు, కోతలు చేసి ఒళ్ళు నొప్పులని అంగడిలో మాత్రలు కొని మ్రింగు అలవాటు మనలో విస్తారము. డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు ఈ రోగుల మూత్రపిండములను చెరచును, నీటిని నిలుపును. వానిని ముట్టరాదు. పసరు మందులును అట్టివే. వానిలో నేమున్నదో ఇచ్చువానికే తెలియనప్పుడు చెడిన కాలేయముమీద ప్రయోగింపరాదు.

నీరు మరల మరల వచ్చుచున్నప్పుడు

ఉప్పు తగ్గించి, మాత్రలు సరిగా వాడినను కొందరికి నీరు ఆగదు. వీరికి రెండు పెద్ద మార్గము లున్నవి. మొదటిది చెరువునకు కళింగు కట్టుటవంటిది. మెడలోని సిరద్వారా సన్నని తీగను కాలేయములోనికి పోనిచ్చి, ఒత్తిడి హెచ్చిన సిరనుండి బయటికిపోవు సిరకు లోహపు జాలిగొట్టముతో దారి వేయుదురు. 1988లో జర్మనీలోని ఫ్రైబుర్గున ఇట్టి జాలిగొట్టమును మొదటిసారి మనిషికి అమర్చిరి. ఇది చక్కగా పనిచేయును గాని, కాలేయము మరీ క్షీణించినవారికిని, గుండె బలహీనులకును పనికిరాదు. కొందరికి దీనివలన మతిభ్రమ కలుగును.

రెండవది కాలేయ మార్పిడి. మూలరోగమును తీసివేయునది ఇది యొక్కటే. అమెరికాలో స్టార్జల్ అను వైద్యుడు 1963లో దీనిని మొదట ప్రయత్నించెను. మన దేశమున 1998లో ఢిల్లీలో ఒక పసివానికి తండ్రి కాలేయములో కొంత భాగమును అమర్చి బ్రతికించిరి. కాలేయమునకు మరల పెరుగు గుణము కలదు గనుక బంధువులు కొంత భాగము నీయవచ్చును. మెదడు నిర్జీవమైనవారి అవయవములను కుటుంబసభ్యుల అంగీకారముతో గ్రహించుటకు మన రాష్ట్రమున జీవన్‌దాన్ అను ప్రభుత్వ ఏర్పాటున్నది. ఛాతీలో నీరు చేరుట కాలేయము మిక్కిలి క్షీణించినదనుటకు గుర్తు గనుక, ఐదారుసార్లు నీరు తీయించి అలసిన పిమ్మట కాక, మొదటిసారి తీయించినప్పుడే మార్పిడికి మేము తగుదుమా యని అడుగవలెను. అది అందరకును సాధ్యము కాదు. సాధ్యము కానిచో రోగికి బాధ లేకుండ చూచుటయే వైద్యము. అప్పు మీద అప్పు చేసి ఊరూరు త్రిప్పుటకంటె, వైద్యునితో దాపరికము లేకుండ మాటలాడి నిశ్చయించుకొనుట మేలు.

ఎచ్చటికి పోవలెను

శ్రీకాకుళములోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, మన ప్రజలు రిమ్స్ అని పిలుచునది, వైద్య కళాశాలకు సంబంధించినది. విజయనగరమున ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఆసుపత్రి యున్నది. మూత్రపిండ రోగులకై పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరువబడినది. వీనికి మించిన నిపుణుల అవసరమైనప్పుడు విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. 1923లో స్థాపింపబడిన ఆంధ్ర వైద్య కళాశాల దానితో చేరినదే. ఇచ్ఛాపురమునుండి విశాఖపట్నము రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. కావున సమీపమున చేయదగిన దానిని సమీపముననే చేయించి, పెద్ద ప్రశ్నలకు మాత్రము దూరము పోవుట వివేకము.

ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిలులో మొదట ప్రవేశపెట్టబడిన మూడు జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. ఇప్పుడది డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడుచుచున్నది. ఏ చికిత్సకు ఏ ఆసుపత్రిలో వర్తించునో 104 సంఖ్యకు ఫోను చేసియో, ఆసుపత్రిలోని పథకపు సహాయకుని అడిగియో ముందు తెలిసికొని, పిమ్మట డబ్బు కట్టవలెను. వెనుకటి పరీక్ష కాగితములు, ఏ తేదీన ఎన్ని లీటర్లు తీసిరో వ్రాసిన లెక్క, వాడుచున్న మందులు ఒకే సంచిలో నుంచుకొనవలెను.

కాలేయ రోగికి జ్వరము, కడుపునొప్పి, నెత్తురు వాంతి, తారువంటి నల్లని విరేచనము, మూత్రము తగ్గుట, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబాటు అను వీనిలో ఏది కనబడినను తెల్లవారువరకు ఆగరాదు. 108 బండిని పిలువవలెను.

రాకుండ చేసికొనుట

మన రాష్ట్రమున స్త్రీల ఉద్యమఫలితముగా 1993 అక్టోబరులో సారా నిషేధింపబడినది. అయినను నాటుసారా పూర్తిగ పోలేదు. అంగడి మద్యము ఊరూర నున్నది. కాలేయము చెడిన పిమ్మటనైనను త్రాగుడు మానినవారికి కొందరికి నీరు తగ్గి, మాత్రలతోనే నిలుకడ కలుగుచున్నది. మానుటకు ఆలస్యమైనదనుకొనవలసిన దినము ఎన్నడును లేదు. చాలకాలము త్రాగినవాడు హఠాత్తుగా మానునప్పుడు వణకు, మూర్ఛ రావచ్చును గనుక వైద్యుని సహాయముతో మానవలెను. పుట్టిన ఇరువదినాలుగు గంటలలో బిడ్డకు హెపటైటిస్ బి టీకా వేయింపవలెను. హెపటైటిస్ సి ఇప్పుడు చాలమందికి పండ్రెండు వారముల మాత్రలతో నయమగుచున్నది. ఈ రెండు వ్యాధుల పరీక్షలకు, మందులకు ప్రభుత్వము 2018 జులై 28న జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. ఇంటిలో ఒకరికి ఈ వ్యాధి యున్నచో మిగిలినవారును పరీక్ష చేయించుకొనవలెను.

ఇక సంఘములు చేయదగిన పని యున్నది. ఎరువుల బస్తాలు తూచుటకు మన సంఘములలో కాటా యున్నది. మనుష్యుని తూచు చిన్న యంత్రము నొకదానిని గూడ కార్యాలయమున ఉంచినచో రోగులు బరువు చూచుకొందురు. చదువు వచ్చిన సభ్యుడొకడు చదువురాని పొరుగువాని కాగితములను సరిచూచి, అవసరమైనప్పుడు తోడుగా ఆసుపత్రికి పోవచ్చును. ఊడ్పుల కాలమున రోగి మడి బీడు పడకుండ ఇరుగుపొరుగువారు ఒక పూట సాయపడవచ్చును. ఒకరి కష్టము పదిమంది పంచుకొనుటయే సహకారము. విత్తనములకు, ఎరువులకు, అప్పులకు మనము కలిసినట్లే, ఊపిరికై పెనుగులాడు పొరుగువానికొరకు గూడ కలియుదుము గాక యని కోరుచున్నాము.